రెండో చుట్టు

మొదటి చుట్టు కాళ్ల కోసం.
పరకాల బస్సులో నిలబడి వచ్చిన ముప్పై ఒక్క మంది పిల్లలు,
టిఫిన్ డబ్బాల చప్పుడు.
కోట మట్టిగోడ దిగివచ్చిన ఎండ మాత్రం
మ్యూజియం గడప దగ్గరే
చెప్పులు విడిచి ఆగిపోయింది.

ఇరవై రెండేళ్లుగా ఇదే నా నడక.
ముందు చీటీ చదువుతాను, తర్వాత రాయిని చూస్తాను.
చీటీ చెప్పిందే రాయిలో కనబడుతుంది.
"నర్తకి. నల్లరాయి. పదమూడో శతాబ్దం. ఎడమ కాలు భగ్నం."
రాసుకోండి, అంటాను. రాసుకుంటారు.
ఎవరు పగలగొట్టారో కూడా నేనే చెబుతాను
గొంతు కాస్త పెంచి,
ఆ గుర్రాల వెనక నేనే పరిగెత్తి వచ్చినంత నమ్మకంగా.

వల్లెపు దుర్గవ్వ రాసుకోలేదు.
తొమ్మిదో తరగతి, చివరి బెంచీ.
నెలలో పది రోజులు బడికి రాదు.
హాజరు పట్టీలో "కంకర క్వారీ" అని రాసే గడి లేదు గాని
నాకు తెలుసు.
చీటీకి వీపు పెట్టి, మోకాళ్ల మీద కూచుని
కింది నుంచి పైకి చూసింది,
కుంటే మేక కాలును చూసినట్టు.

"సార్, గిది పలగలే."

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం.

"పలిగిన రాయికి అంచుంటది సార్, చెయ్యి కోస్తది.
దీనికి ఉలి సుక్కలున్నయి, వరుసగ.
చెక్కుకుంట చెక్కుకుంట ఆపిండ్రు."

ముట్టద్దు, అన్నాడు కాపలా కొమ్రయ్య.
అన్నవాడే కళ్లద్దాలు తుడుచుకుని తానూ వంగాడు.
పదహారేళ్లుగా ఆ కాలి పక్కనే
కుర్చీ వేసుకుంటున్న మనిషి.

ముందు నాకు కోపమే వచ్చింది.
ఇరవై రెండేళ్ల గుర్రాలను
ఒక్కసారిగా ఎక్కడ కట్టేయను?
మరి ముక్కో, అన్నాను పంతంగా.
లేచి నిలబడి చూసింది. చాలాసేపు.
"ముక్కు పలిగిందే సార్.
ఎవలన్న కొట్టిండ్రో, పడ్డదో,
గది నాకు తెల్వది."

తెల్వది.
ఈ మాటను ఏ పాఠంలోనైనా
నల్లబల్ల మీద రాశానా ఎప్పుడైనా?

రెండో చుట్టు తిరిగాం.
ఈసారి చీటీలు చదవద్దన్నాను.
ద్వారపాలకుడి వెనక్కి పోయారు పిల్లలు.
వెనకంతా మోటు, గోడకు ఆనే వైపు ఎవరు చూస్తారని.
"ముంగట రాజు చూస్తడు, ఎన్క మోసినోడు చూస్తడు"
అన్నాడు ఓదెలు, ఎవరితోనూ కాకుండా.

చేర్యాల పటం ఒకటి అద్దం వెనక.
మూరెడే విప్పారు, మిగతాదంతా చుట్టే.
ఆ ఎర్రటి మూరెడులో ఎవరో ఎవరికో దండం పెడుతున్నారు,
పెట్టించుకునేవాడు చుట్ట లోపల ఉన్నాడు.
చీటీ "జానపద కళ" అని ఊరుకుంది.
ఎవరి కులం కథ, ఎవరి వాకిట్లో విప్పేవారు,
రాత్రి కథ సాగుతుంటే దీపం ఎవరు పట్టేవారు?
కొమ్రయ్యకూ తెలీదు. విప్పితే చినుగుతుందట.
ఇప్పకుంటే ఏమైతది, అని అడిగిందో గొంతు.
ఎవరిదో పోల్చుకోలేకపోయాను.

మడమలు లాగుతున్నాయి.
మొదటి చుట్టులో లేవు ఈ నొప్పులు.

తిరుగు బస్సులో, ఒళ్లో సోమవారం పరీక్ష కాగితం.
నాలుగో ప్రశ్న, నా దస్తూరీయే:
నర్తకి కాలును ధ్వంసం చేసినది ఎవరు? రెండు మార్కులు.
కొట్టేశాను. గుంతలో బస్సు ఎగిరి
గీత పక్క ప్రశ్న మీదికీ పోయింది.
పోనీ అనుకున్నాను.

వెనక సీటు నుంచి దుర్గవ్వ వంగి,
చెవి దగ్గర, మెల్లగా:
"సార్, ఆ సగం కాలుకు
కూలి ఇచ్చిండ్రంటరా?"

రాజుల పేర్లు నాకు వరుసగా నోటికొచ్చు.
బస్సు ఆత్మకూరు దాటింది.
వచ్చే రెండో శనివారం ఏ తేదీయో
వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ కూచున్నాను.